మచ్చిక తప్పిన పక్షులు లెక్కకు రావా?

ఏటా ఫిబ్రవరి మాసంలో నాలుగు రోజులపాటు అనేక దేశాలలోని ఔత్సాహికులు తమ పెరటిలోను, బడి ఆవరణలోను, చెరువుగట్టునను కనిపించిన పక్షులను లెక్కించి వ్రాసి పంపుతారు. 1998లో అమెరికాలో మొదలైన ఈ పెరటి పక్షుల లెక్క 2013 నుండి మన దేశంలో కూడ జరుగుతున్నది. ఆ సందర్భంలో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థులు వ్రాసిన పుస్తకాలను చూచే అవకాశం నాకు కలిగింది. ఎనిమిదవ తరగతి కుర్రవాడొకడు చాల శ్రద్ధగా వ్రాసినాడు: కాకులు 14, గోరువంకలు 9, రామచిలుకలు 6, పికిలిపిట్టలు 2. ఆ క్రింద 'పావురాలు 60' అని వ్రాసి, దానిపై అడ్డంగా గీత గీసి కొట్టివేసినాడు.

"ఇది ఎందుకు కొట్టివేసినావు, నాయనా?" అని అడిగినాను.

"అవి లెక్కలోకి రావట సార్. ఊళ్ళో తిరిగే పావురాలు అసలు అడవి పక్షులే కావట. పక్షులను చూపించడానికి వచ్చినాయన చెప్పినారు" అన్నాడు.

ఆ పెద్దమనిషి తన సొంత ఊహను చెప్పలేదు. పక్షులను చూడటం ఒక వినోదంగా, ఒక పందెంగా పెంపొందిన దేశాలలో చాలకాలంగా చలామణీ అవుతున్న నియమాన్నే చెప్పినాడు. ఆ నియమం ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, దానిని మన బడి పుస్తకాలలోకి తేవడం ఎంతవరకు సబబు అన్నవే ఈ వ్యాసంలో విచారించదలచిన విషయాలు.

పక్షి పరిశీలకులలో ఒక తెగ ఉన్నది. తాము చూచిన ప్రతి జాతికి ఒక టిక్కు పెట్టుకొని, జీవితంలో ఎన్ని జాతులను చూచినాము అని లెక్క కట్టుకొంటారు. తపాలాబిళ్ళలు సేకరించేవారి ఉత్సాహం వంటిదే ఇది. బిళ్ళ అసలుదా, నకిలీదా అన్న ప్రశ్న వారికి ఎట్లా వస్తుందో, పక్షి అసలుదా కాదా అన్న ప్రశ్న వీరికి అట్లాగే వస్తుంది. జంతుప్రదర్శనశాల గోడ దూకి వచ్చిన రాజహంసను చూచి టిక్కు పెట్టుకొంటే పందెంలో న్యాయం ఏమున్నది? కనుక నియమాలు ఏర్పడినవి.

బ్రిటిషు పక్షిశాస్త్రజ్ఞుల సంఘం తన దేశపు జాబితాలో పక్షులను అక్షరాల క్రమంలో వర్గీకరించింది. 1950 తరువాత సహజస్థితిలో కనిపించినవి 'ఏ' వర్గం. అంతకు పూర్వం, 1800 నుండి 1949 వరకు మాత్రమే కనిపించినవి 'బి'. మనుష్యులు తెచ్చి విడువగా, లేక పెంపకం నుండి తప్పించుకొనగా, తరువాత తమంతట తామే పిల్లలను పెట్టి నిలద్రొక్కుకొన్నవి 'సి'. సహజంగా వచ్చినవో కావో సందేహం ఉన్నవి 'డి'. పంజరాలనుండి పారిపోయి ఇంకా స్థిరపడనివి 'ఇ'. ఇందులో మొదటి మూడు వర్గాలే అధికారిక జాబితా. 'డి', 'ఇ' లు గుమ్మం బయట నిలుచున్నవి.

అమెరికన్ పక్షి పరిశీలకుల సంఘం నియమం మరికొంత పట్టుగా ఉన్నది. టిక్కు పెట్టాలంటే పక్షి బ్రతికి ఉండాలి, స్వేచ్ఛగా ఉండాలి, అడవి పక్షి అయి ఉండాలి. తెచ్చి విడిచిన జాతి అయితే అది కనీసం పదిహేనేండ్లు నిలిచి సంతతిని నిలబెట్టుకొన్నదని రుజువు కావాలి. అప్పుడుగాని పెద్దలు దానిని జాబితాలో చేర్చరు.

పందెం వరకు చూస్తే ఈ నియమాలలో తప్పు పట్టవలసినదేమీ లేదు. పందెం అన్న తరువాత గీత ఎక్కడో ఒకచోట గీయవలసిందే. నా ఆక్షేపణ వేరు. 'నేను ఏమేమి చూచినాను?' అన్నది ఒక ప్రశ్న. 'ఇక్కడ ఏమేమి ఉన్నవి?' అన్నది వేరొక ప్రశ్న. మొదటిది చూచేవానికి సంబంధించినది, రెండవది చోటుకు సంబంధించినది. మొదటి ప్రశ్నకోసం గీసిన గీతను రెండవ ప్రశ్నకు కూడ వర్తింపజేసి, లెక్కకు రాని పక్షిని అసలు వ్రాయనే అక్కరలేదనుకోవడం వల్లనే చిక్కు వచ్చింది. ఆ కుర్రవాని పుస్తకంలోని అడ్డగీత అటువంటిదే.

ఈ అలవాటులో మరొక వింత ఉన్నది. ఒక జాతి స్థిరపడినదా లేదా అని పెద్దలు దేనిని చూచి నిర్ణయిస్తారు? ఏ ఏడు ఎన్ని కనిపించినవి, ఎక్కడ గూళ్ళు పెట్టినవి, పిల్లలు బ్రతికినవా అన్న వ్రాతలను చూచి. ఆ వ్రాతలు వ్రాయవలసినవారు ఎవరు? ఈ పరిశీలకులే. పెద్దలు నిర్ణయించేదాకా మేము వ్రాయము, మీరు వ్రాసేదాకా మేము నిర్ణయించము అని ఇరువురూ కూర్చుంటే, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత చందమవుతుంది.

మనకు బాగా తెలిసిన పక్షినే తీసుకొందాము. మన రామచిలుక లండన్ నగరంలో వేల సంఖ్యలో ఉన్నదంటే వినేవారికి ముందు నవ్వు వస్తుంది. మంచు కురిసే పార్కులలో ఆకు రాలిన చెట్లమీద పచ్చని గుంపులు కేకలు వేస్తూ తిరుగుతుంటవి. ఇవి అక్కడికి ఎట్లా వచ్చినవి అన్న విషయమై కథలు అనేకం. 1951లో ఒక సినిమా చిత్రీకరణకు తెచ్చినవి తప్పించుకొన్నవని ఒక కథ, ఒక ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు జంటను విడిచిపెట్టినాడని మరొక కథ. పాత వార్తలను, పక్షులు కనిపించిన చోట్లను పటంమీద గుర్తించి చూచిన పరిశోధకులు 2019లో ఈ కథలకు ఆధారం లేదని తేల్చినారు. పంజరాలనుండి చిన్నచిన్న సంఖ్యలలో, అనేక పర్యాయాలు తప్పించుకొన్నవే ఇంతగా పెరిగినవి. ఐరోపాలోని చిలుకల వంశలక్షణాలను పరీక్షించగా వాటిలో అధికభాగం పాకిస్థాన్, ఉత్తర భారత ప్రాంతాలనుండి పోయినవని తేలింది. పక్షుల వ్యాపారం ఏ దారిన సాగిందో ఆ దారినే రక్తసంబంధం కూడ సాగింది.

1969 నుండి ఈ చిలుకలు ఇంగ్లండులో ఏటేటా గూళ్ళు పెడుతున్నవి. 'సి' వర్గంలో చేరినది 1983లో. ఈ మధ్యకాలంలో టిక్కుకోసమే చూచేవానికి అది సున్న. శాస్త్రజ్ఞునికి మాత్రం ఆ ఏండ్లే అతి విలువైనవి. పది చిలుకలు వంద ఎట్లా అయినవి, ఏ చెట్టు తొర్రలను ఆక్రమించినవి, ఎవరిని తరిమినవి అన్నది అప్పుడే తెలియాలి. స్పెయినులోని సెవిల్ నగరపు ఒక ఉద్యానంలో చిలుకలు పెరిగినకొద్దీ, అవే తొర్రలలో నివసించే పెద్దజాతి గబ్బిలాలు తగ్గిపోయినవని 2018లో పరిశోధకులు ప్రకటించినారు. గబ్బిలాలను చిలుకలు కరిచి చంపడం కూడ చూచినారు. లండన్ కథలో ఆ మొదటి ఏండ్లనుగూర్చి నేడు మనకు తెలిసినదంతా, టిక్కు రాకపోయినా తేదీ, చోటు, సంఖ్య వ్రాసిపెట్టినవారి చలవే.

రడ్డీ బాతు కథ ఇంకను గంభీరమైనది. ఇది ఉత్తర అమెరికా బాతు. ఇంగ్లండులో స్లింబ్రిడ్జి అనేచోట పక్షి సేకరణలో పెంచుతుండగా 1950 దశకంలో కొన్ని పిల్లలు ఎగిరిపోయినవి. అందమైన పక్షి, ఎవరికీ అపకారం చేసేదిగా కనిపించలేదు. 1971లో జాబితాకెక్కింది, టిక్కులకు అర్హత పొందింది. 2000 నాటికి సుమారు ఆరువేలయింది. ఈలోగా కొన్ని సముద్రం దాటి స్పెయిను చేరినవి. అక్కడ దాని దగ్గరి చుట్టమైన తెల్లతల బాతు ఉన్నది. 1977లో స్పెయినులో తెల్లతల బాతులు ఇరవైరెండే మిగిలినవి. ఎంతో శ్రమపడి వాటిని పెంచుకొంటున్నారు. వచ్చిన చుట్టం దానితో జతకట్టి సంకర సంతతిని పుట్టించసాగింది. ఇట్లే సాగితే తెల్లతల బాతు అనే జాతి కలిసిపోయి మాసిపోతుందన్న భయంతో 2005 నుండి బ్రిటిషు ప్రభుత్వం రడ్డీ బాతులను కాల్పించి దాదాపు నిర్మూలించింది.

ఈ పనికి బ్రిటిషు పక్షిప్రియులలో కొందరు చాల బాధపడినారు. తమ చెరువులలో చిన్ననాటినుండి చూచిన బాతు. జాబితాలో ఉన్న బాతు. జాబితాలోకి ఎక్కడమంటే పౌరసత్వం ఇచ్చినట్లని వారు తెలియకుండానే అనుకొన్నారు. ఇక్కడే జాబితా చేసే రెండవ పొరపాటు బయటపడుతున్నది. 'లెక్కించవచ్చును' అన్న మాటలో 'ఉండవచ్చును' అన్న ఆమోదం లేదు. కలరా కేసులను లెక్కించేవాడు కలరాను మెచ్చుకొంటున్నాడని ఎవరైనా అంటారా? బాతులను నిర్మూలించగలిగినది కూడ అవి ఏ చెరువులో ఎన్ని ఉన్నవో పరిశీలకులు ఏండ్లతరబడి వ్రాసి ఉంచినందువల్లనే అన్న సంగతి మరువరాదు.

స్థిరపడటం అన్న మాటను కూడ కొంచెం గట్టిగా పరీక్షించాలి. కెనడాలోని వాంకూవరు నగరానికి 1890 దశకంలో చైనాకు చెందిన జుట్టు గోరువంక చేరింది. మన గోరువంకకు దాయాది. నల్లగా ఉండి ముక్కుమొదట చిన్న కుచ్చు కలిగి ఉంటుంది. 1920 దశకం నాటికి వేలసంఖ్యలో ఉన్నది. పదిహేనేండ్లు కాదు, నూరేండ్లు నిలిచింది. ఏ నియమం ప్రకారం చూచినా స్థిరపడినదే. దూరదూరాలనుండి పరిశీలకులు దీనికోసం వాంకూవరు వచ్చేవారు. అయినా క్రమంగా తగ్గిపోయి, 2003 ఫిబ్రవరిలో మిగిలిన రెండు పక్షులూ చచ్చిపోయినవి. ఉత్తర అమెరికాలో 1900 నుండి క్రిస్మసు రోజులలో జరుగుతున్న పక్షుల లెక్కలో దాని పతనం ఏడాదికేడాది నమోదయింది. ఒక జాతి కొత్తచోట పుట్టి, పెరిగి, నశించేదాకా జరిగిన జీవితచరిత్ర ఇంత పూర్తిగా దొరకడం అరుదు.

ఇక 'తనంతట వచ్చినది', 'మనిషి తెచ్చినది' అన్న విభజన. ఇది పైకి కనిపించేంత సులువు కాదు. పశువుల వెంట తిరిగే తెల్లకొంగ మన పొలాలలో నిత్యం కనిపించేదే. దాని ఆఫ్రికా శాఖ 1870, 80 లలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని తన రెక్కలతోనే దాటి దక్షిణ అమెరికా చేరింది. అక్కడినుండి క్రమంగా పైకి ప్రాకి 1940 ప్రాంతంలో ఫ్లోరిడా చేరింది, 1953 నాటికి అక్కడ గూళ్ళు పెట్టింది. దీనిని అమెరికనులు సహజంగా వచ్చిన పక్షిగానే లెక్కిస్తారు. 1959లో పశువులమీది ఈగలను తినడానికని అధికారులు ఇదే కొంగను ఫ్లోరిడానుండి హవాయి దీవులకు తెచ్చి విడిచినారు. అక్కడ ఇది తెచ్చి విడిచిన పక్షి. దీవులకే ప్రత్యేకమైన నీటిపక్షుల గూళ్ళలోని పిల్లలను తింటున్నదని దీనిని అదుపు చేయడానికి 2017లో అమెరికా ప్రభుత్వం ఉత్తరువు కూడ ఇచ్చింది. కొంగ ఒకటే, జాతి ఒకటే. ఒకచోట అతిథి, ఒకచోట అపరాధి. మరి ఫ్లోరిడా చేరిన కొంగకైనా మనిషి సహాయం లేదనగలమా? అడవులు నరికి పశువుల బీళ్ళు చేయకపోతే అది నిలిచేదా?

మన ఊరకాకి సంగతి ఇంకా తమాషా. ఓడలెక్కి ప్రయాణం చేయడం దానికి అలవాటు. 1994లో రెండు కాకులు నెదర్లాండ్సులోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో దిగినవి. కాకిని చూడటానికి రైళ్ళెక్కి వచ్చిన జనాన్ని మన గ్రామస్థులు చూస్తే ఏమనుకొందురో! ఓడ మనిషిది, ఎక్కినది కాకి తన ఇష్టం కొద్దీ. దీనిని ఏ అక్షరం క్రింద వేయాలి? పెద్దలు ఒక అక్షరం చూచి వేస్తారు, సరే. కాని ఎట్లా వచ్చినదో ఉన్నదున్నట్లు వ్రాసిపెట్టినవాని వాక్యమే ఆ అక్షరం కంటె ఎక్కువ ఉపయోగం.

ఇంతవరకు అన్నీ లెక్కించమనే చెప్పినాను. గుర్తు వేయకుండా లెక్కించడం మాత్రం లెక్కించకపోవడం కంటె పెద్ద మోసం కాగలదు. హవాయి దీవులలో పల్లపు ప్రాంతాన దిగిన యాత్రికునికి గంటసేపటిలో ఇరవై జాతులు కనిపించవచ్చును. అందులో మన గోరువంక ఉంటుంది, మన పికిలిపిట్ట ఉంటుంది, దక్షిణ అమెరికా పిట్టలు ఉంటవి. దీవులలోనే పుట్టిన అడవి పక్షి ఒక్కటైనా ఉండకపోవచ్చును. ఎన్నో స్థానిక జాతులు నశించగా, మిగిలినవి దోమలు అంతగా లేని ఎత్తు కొండల అడవులలో తలదాచుకొంటున్నవి. దోమలు, అవి మోసే పక్షి మలేరియా కూడ అక్కడికి బయటినుండి వచ్చినవే. జాతుల సంఖ్య మాత్రమే చూచినవానికి ఆ చోటు సుభిక్షంగా కనబడుతుంది. 2016లో అమెరికన్ సంఘం సభ్యులు వోటు వేసి హవాయిని తమ పందెపు పరిధిలో చేర్చుకొన్నారు. దానితో చాలమంది జాబితాలు ఒక్క యాత్రతో ఉబ్బినవి. అందులో ఎన్ని ఆ నేల సొంతమో సంఖ్య చెప్పదు.

కాని అక్కడ కూడ వచ్చినవాటిని కొట్టివేయడానికి వీలులేదు. ఓవాహు దీవిలో ఏ పక్షి ఏ పండును తిని గింజను ఎక్కడ విడుస్తున్నదో పరిశీలించి 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించినదేమంటే, గింజలను చల్లే స్థానిక పక్షులు అంతరించినవి గనుక ఆ పని ఇప్పుడు దాదాపు పూర్తిగా బయటినుండి వచ్చిన పక్షులే చేస్తున్నవి. అవి చల్లే గింజలలో పరదేశపు మొక్కలవే ఎక్కువ, అయినా స్థానిక మొక్కలకు కూడ వేరే దిక్కు లేదు. ఈ పక్షులను మినహాయించి ఆ అడవిని వర్ణించేవాడు లేని అడవిని వర్ణించినట్లే.

ఎర్రతల అమెజాన్ చిలుక మరొక విధమైన చిక్కు. ఈశాన్య మెక్సికోలోని తన స్వస్థలంలో పంజరాల వ్యాపారం వల్ల, అడవుల నరికివేత వల్ల అంతరించే ప్రమాదంలో పడింది. ఆ వ్యాపారం వల్లనే కాలిఫోర్నియాకు చేరి, తప్పించుకొని, లాస్ ఏంజెలిస్ వీధి చెట్లలో వేల సంఖ్యలో హాయిగా ఉన్నది. దొంగసొత్తు నిలువ ఉన్నచోటే అసలు సొత్తు భద్రంగా ఉన్నట్లయింది. ప్రపంచంలో ఈ జాతి ఎంత మిగిలింది అని లెక్క కట్టేటప్పుడు లాస్ ఏంజెలిస్ చిలుకలను వదిలివేయాలా? నా మట్టుకు వదిలివేయడం తప్పనిపిస్తుంది, కలిపివేయడమూ తప్పే. రెండు వరుసలలో వ్రాయాలి.

ఈ పద్ధతికి దగ్గరగా వచ్చినది ఈబర్డ్ అనే నమోదు వ్యవస్థ. 2002లో అమెరికాలో మొదలై, మన దేశపు పరిశీలకులలో కూడ విరివిగా వాడుకలో ఉన్నది. 2022లో వారు బయటినుండి వచ్చిన పక్షులను మూడు తరగతులుగా విడదీసినారు: స్థిరపడినవి, స్థిరపడుతున్నట్లున్నవి, తప్పించుకొన్నవి. మూడింటినీ వ్రాయమంటారు, మూడూ భద్రపరుస్తారు. మూడవ తరగతిని మాత్రం జాతుల మొత్తంలో కలుపరు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు. ఒక లోపం మాత్రం మిగిలి ఉన్నది. మొత్తంలో కలవని దానిని వ్రాయడానికి పందెగానికి చేయి రాదు. ఉపాధ్యాయులు తమ విద్యార్థులను మొత్తంకోసం పందెం కట్టించకుండా ఉంటే ఈ లోపం మన బడులలోకి రాదు.

మన దేశంలో ఈ ప్రశ్న ఎట్లా ఉన్నది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తరువాత వచ్చిన సవరణలు, నిషేధాల వల్ల మన దేశపు చిలుకలను, మునియాలను పట్టి అమ్మడం నేరం. అందుచేత అంగళ్ళలో పరదేశపు పిట్టలు పెరిగినవి. ఆస్ట్రేలియా బడ్జిగారు, ఆఫ్రికా లవ్ బర్డు పంజరం తలుపు తెరచి ఉంటే ఎగిరిపోవడం సహజం. ఇవి ఇంతవరకు విడివిడిగా కనిపిస్తున్నవి. రేపు రెండు జంటలు ఒక తొర్రలో గూడు పెడితే మొదట చూచేవాడు బడి పిల్లవాడే కావచ్చును. అతడు 'పెంపుడు పిట్ట, లెక్కలోకి రాదు' అని ఊరుకొంటే ఆ తొలి తేదీ శాశ్వతంగా పోయినట్లే.

పావురం కథ వీటన్నింటికంటె క్లిష్టమైనది. దీనిని మనిషి వేల ఏండ్ల క్రిందటనే మచ్చిక చేసినాడు. దాని అడవి మూలపురుషుడు కొండచరియలలో నివసించే నీలిపావురం. అది ఐరోపాలో ఉన్నట్లే మన దేశంలోను సహజంగా ఉన్నది. మచ్చిక తప్పి ఊళ్ళు పట్టినవి దానితో కలిసి సంతతి పెంచుకొంటూ వచ్చినవి. బ్రిటిషు జాబితాలో ఈ జాతి 'ఏ' వర్గంలోను ఉన్నది, 'సి' వర్గంలోను ఉన్నది. స్కాట్లండుకు పడమర ఉన్న దీవులలో దాదాపు కల్తీలేని అడవి పావురాలు ఇంకా మిగిలి ఉన్నవని 2022లో వంశలక్షణాల పరీక్షలో తేలింది. గోలకొండ బురుజుల సందులలో గూళ్ళు పెట్టే పావురాలను చూపి, ఇది అడవిది, ఇది ఊరిది అని కంటితో తేల్చగలవారు ఎవరు? దక్కను రాళ్ళగుట్టలు కోటకంటె పూర్వంనుండి ఉన్నవి. వాటిలో పావురాలు కూడ ఉండి ఉండవచ్చును.

2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక మూడుకోట్లకు పైగా పరిశీలనల ఆధారంగా తయారయింది. వాటిని పంపినవారు ముప్పదివేలమందికి పైబడిన మామూలు పరిశీలకులు. అనేక జాతులు తగ్గుతుండగా బాగా పెరుగుతున్న కొద్దిపాటి పక్షులలో ఊరపావురం ఒకటని అందులో తేలింది. అందరూ ఆ కుర్రవానివలె అడ్డగీత గీసి ఉంటే ఆ సంగతి ఎట్లా తేలేది?

ఈ మాటలన్నీ ఎనిమిదవ తరగతివానికి చెప్పలేదు. బడి వెనుక నీళ్ళ ట్యాంకు దగ్గరకు తీసుకొనిపోయి, పావురాలను మరొకసారి చూడమన్నాను. బూడిద నీలిరంగులో ఉండి, ముడిచిన రెక్కమీద రెండు నల్లని పట్టీలు ఉన్నవి అడవి పోలిక. తెల్లవి, ఇటుకరంగువి, గళ్ళ మచ్చలవి పెంపకపు ఛాయ. రెండు పట్టీలు ఉన్నంతమాత్రాన అది అడవిదని చెప్పలేమనీ, చూచిన రంగును మాత్రమే వ్రాయమనీ చెప్పినాను. అరగంట నిలబడి లెక్కపెట్టినాడు. మధ్యలో గుంపు రెండుసార్లు లేచిపోయి అతని లెక్క తప్పించింది. చివరకు కొట్టివేసిన గీత ప్రక్కనే చిన్న అక్షరాలతో వ్రాసినాడు: రెండు పట్టీలవి 38, గళ్ళ మచ్చలవి 15, తెల్లవి 4, ఇటుకరంగు 1. మొత్తం 58. మిగిలిన రెండు ఏమైనవని నన్నే అడిగినాడు.